వార్షిక నివేదిక: ఈ ఏడాది మన ప్యాషన్ ఫ్రూట్ పనులు

సభ్యులందరికీ నమస్కారం. మన పెరటి తోటల సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. ఈసారి ప్యాషన్ ఫ్రూట్ తీగల మీదే దృష్టి పెడదామని పోయిన సమావేశంలో తీర్మానించాం, ఆ మాట మీదే నిలబడ్డాం.

ముందుగా కృతజ్ఞతలు. పందిళ్లకు పైపులు, కమ్మీ ఇచ్చినవారికి, గింజ నుంచి నారు పోసి అందరికీ పంచిన అక్కలకు, కత్తెరలన్నీ పదును పెట్టిచ్చిన పెద్దాయనకు, ప్రతి సమావేశానికీ మేడ మీద చోటిచ్చిన దంపతులకు సంఘం రుణపడి ఉంది.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది మాత్రం చేత్తో పుప్పొడి అద్దే శిక్షణే. పసుపు పండ్ల రకం పెంచేవాళ్లు చాలామంది "తీగ పందిరంతా అల్లుకుంది, పూలు విరగబూస్తున్నాయి, ఒక్క పిందె నిలవడం లేదు" అని మొత్తుకుంటున్నారు. ఎరువులు మార్చారు, మందులు కొట్టారు. అసలు సంగతేమిటంటే ఊదా పండ్ల రకం చాలావరకు తన పుప్పొడితోనే కాస్తుంది గానీ పసుపు రకానికి తన పుప్పొడి పనికిరాదు, వేరే తీగది కావాలి. అదే తీగ కొమ్మను నాటి పెంచిన మొక్క పక్కనున్నా లాభం లేదు, అది కూడా ఆ తీగే కదా! పైగా ఈ పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలికి ఎగరదు, పెద్ద నల్ల తుమ్మెదలే మోయాలి. అవి రాని చోట ఆ పని మనమే చేయాలి.

పసుపు రకం పూలు మధ్యాహ్నం విచ్చుకుంటాయి కాబట్టి శిక్షణ కూడా ఆ వేళకే పెట్టాం. ఎవరి తీగ పూలు వాళ్లు డబ్బాల్లో తెచ్చి ఒకరికొకరు ఇచ్చుకున్నారు. పువ్వు మధ్యలో మూడు కీలాగ్రాలు, అంటే పుప్పొడిని అందుకునే కొనలు, ఉంటాయి, వాటి కింద పుప్పొడి ఉండే ఐదు కేసరాలు. కొత్తగా విచ్చినప్పుడు కీలాగ్రాలు పైకి నిలబడి ఉంటాయి, కాసేపటికి మెల్లగా కిందికి వంగుతాయి. అలా వంగాక మెత్తటి బ్రష్‌తో వేరే తీగ పుప్పొడిని మూడింటికీ అద్దాలి. కొద్ది రోజులకే పిందెలు ఉబ్బుతున్నాయని ఫోన్ల మీద ఫోన్లు! రెండు నెలలు దాటాక పండ్లు వాటంతటవే రాలడం మొదలైంది. పచ్చిగా కోసేయవద్దు, రాలినవి ఏరుకుని తొక్క కాస్త ముడతలు పడేదాకా ఆగితే తీపి బాగుంటుంది.

కాపు అయ్యాక కత్తిరింపులు కూడా పెట్టాం. కాపు కొత్త చిగుళ్ల మీదే వస్తుంది కాబట్టి ఇది తప్పించుకునే పని కాదు. ఇక్కడ ఒక మాట కఠినంగానే చెప్పాలి. ఈ పనికి పేర్లు ఇచ్చినవాళ్లలో చాలామంది రాలేదు, కొందరు ఫోనైనా ఎత్తలేదు, ఎప్పుడూ కనిపించే ఆ నలుగురే తోట తోటకూ తిరిగారు. కాయల తొక్క మందంగా, బిరుసుగా, వంకరగా వచ్చిన తీగలు కొన్ని కనిపించాయి. అది వైరస్ తెగులు లక్షణం. దానికి మందు లేదు, పీకేయడమే. పేనుబంక అనే రసం పీల్చే పురుగుతో, కడగని కత్తెరతో పక్క తీగలకు పాకుతుంది. ఒకసారి వచ్చి చూడమని సంబంధిత అధికారికి వినతిపత్రం ఇచ్చాం, మళ్లీ మళ్లీ గుర్తుచేశాం. వస్తానన్న రోజు కుర్చీలు వేసుకుని సాయంత్రం దాకా కూర్చున్నాం, ఆయన రాలేదు, కబురూ లేదు.

నీళ్లు నిలిచే చోట వేరుకుళ్లుతో కొన్ని ఊదా తీగలు పోయాయి. కొత్తగా వేసేవాళ్లు ఎత్తు మడి మీద వేయండి, వీలైతే పసుపు రకం వేరు మీద అంటుకట్టిన మొక్క తీసుకోండి. వేళ్లు పైపైనే ఉంటాయి, మొదలు దగ్గర తవ్వకుండా ఆకులు కప్పి తేమ నిలపండి. నత్రజని ఎక్కువేస్తే ఆకు పెరుగుతుంది, పూత తగ్గుతుంది.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు, కాగితాలు బల్ల మీద ఉన్నాయి, చూసుకోవచ్చు. చందా బాకీలున్నవాళ్లు ఈరోజే కట్టేయండి.

వచ్చే ఏడాదికి ఏ ఇంట్లో ఏ రకం తీగ ఉందో పట్టిక తయారుచేయాలి, పుప్పొడికి ఎవరు ఎవరిని అడగాలో అప్పుడు తేలుతుంది. ఇంటింటికీ తిరిగి రాసుకోవడానికి మనుషులు కావాలి. నిజంగా వచ్చేవాళ్లే సమావేశం ముగిసేలోపు పేర్లు ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి