సరుకు మోసే విమానాల గురించీ రాయండి

సంపాదకులు గారికి,

అక్టోబర్ 8 వాయుసేన దినోత్సవానికి మీరు వేసిన పేజీ మొత్తం చదివాను. రఫేల్ ఉంది, సుఖోయ్ ఉంది, తేజస్ ఉంది, సరుకు మోసే విమానం ఫొటో మాత్రం ఒక్కటీ లేదు. చాలా బాధేసింది, అందుకే ఈ ఉత్తరం.

2021 ఏప్రిల్‌లో మా చిన్నాన్నకు కరోనా వస్తే హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో చేర్చాం. ఆక్సిజన్ ఈ పూటకుందా, రేపటికుందా అని గంటగంటకూ టెన్షన్. 23వ తేదీన మందుల కోసం బేగంపేట వైపు వెళ్తుంటే ముందు హోరు వినిపించింది, ఆ తర్వాత చెట్ల మీదుగా వాయుసేన వాళ్ల బూడిదరంగు సరుకు విమానం సీ-17 గ్లోబ్‌మాస్టర్ లేచింది. బండి పక్కకు ఆపేసి అలాగే చూస్తుండిపోయాను. రెక్కల కింద నాలుగు ఇంజన్లు, పొట్టలోకి ముడుచుకుంటున్న చక్రాలు, అంత ఎత్తున తోక. అది కదులుతున్నట్టే అనిపించదు సార్, 53 మీటర్ల పొడవు కదా, తన పొడవంత దూరం దాటడానికే టైం పడుతుంది, అందుకే మన కంటికి ఆకాశంలో నిలబడినట్టు కనిపిస్తుంది.

అది ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లను భువనేశ్వర్ తీసుకెళ్లిందని సాయంత్రం టీవీలో చెప్పారు. నిండు ట్యాంకర్‌తో గాల్లో ఎగరడం ప్రమాదం, అందుకని పోయేటప్పుడు విమానంలో పంపి, నింపుకుని రోడ్డు మీద తెచ్చుకున్నారు. చిన్నాన్న మే నెలలో ఇంటికొచ్చాడు. అప్పటినుంచి ఈ విమానాల గురించి దొరికిందల్లా చదువుతున్నాను.

సీ-17 దాదాపు 77 టన్నులు మోస్తుంది. మన మార్కెట్ యార్డులో 50 కిలోల ఉల్లిగడ్డ సంచులైతే 1,500 పైనే! నడపడానికి ఇద్దరు పైలట్లు, సరుకు చూసుకునే లోడ్‌మాస్టర్ ఒకరు, ముగ్గురు చాలు. 2013 నుంచి మన దగ్గర ఉన్నాయి, మొత్తం 11. అదే ఏడాది ఆగస్టులో ఇంకో సరుకు విమానం సీ-130జే లద్దాఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీలో 16,600 అడుగుల ఎత్తున దిగింది. ఇలాంటివి మన పిల్లలకు ఎవరు చెప్తారు? మా అబ్బాయికి రఫేల్ వేగం నోటికొచ్చు, ఏఎన్-32 పేరే తెలియదు, అది 1984 నుంచి మన జవాన్లకు తిండీ మందులూ మోస్తోంది.

ఇంకో మాట. 2009 వరదల్లో కర్నూలు మునిగినప్పుడు మిద్దెల మీదున్న వాళ్లకు హెలికాప్టర్లే పొట్లాలు వేశాయి. అప్పుడు మనకు ఎయిర్‌పోర్టు లేదు. ఇప్పుడు కర్నూలు దగ్గర ఓర్వకల్లు ఎయిర్‌పోర్టులో 2 కిలోమీటర్ల రన్‌వే ఉంది. సీ-17కు దిగడానికి కిలోమీటరు పైచిలుకు పొడవుంటే చాలంటారు, ఇంజన్ల గాలి రెక్కల వెనక కిందికి దించిన పలకలకు (ఫ్లాప్‌లు అంటారు) తగిలేలా కట్టారు కాబట్టి అంత బరువున్నదీ నిదానంగా దిగగలదు. పొడవైతే సరిపోతుంది, మరి మన రన్‌వే ఆ బరువు తట్టుకుంటుందా? సీ-130జే అయినా దిగొచ్చా? మీ విలేకరిని పంపి అక్కడి ఇంజనీర్లను అడిగించి రాయండి. తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊరు మాది, మాకు ఇది తెలియాలి.

ఇట్లు,
కర్నూలు నుంచి ఒక పాఠకుడు