కుందేలు మురికిది కాదండీ, దాని మూల దానికి ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది పర్లాకిమిడి. ఒడిశాలో ఉన్నా మా ఇంటికి వచ్చేది మీ పేపరే, పాతపట్నం మీంచి వస్తది, ఒక్కోరోజు పది దాటిపోతది కూడా, అయినా మా మావయ్య గారు అరుగు మీద దానికోసం కూర్చునే ఉంటారు. పిల్లలది ఒడియా మీడియం, వాళ్ళకి తెలుగు అక్షరాలు ఆ మాత్రం వచ్చాయంటే మీ పేపర్ హెడ్డింగులు చదివే వచ్చాయి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, అందుకని మాట్లాడినట్టే రాసేస్తున్నాను.

విషయం ఏటంటే, ఏటా రథయాత్ర తీర్థంలో కుందేలు పిల్లల్ని బుట్టల్లో పెట్టి అమ్ముతారు. ఒడియా వాళ్ళు ఠెకువా అంటారు, మా అమ్మమ్మ వాళ్ళు చెవులపిల్లి అనేవారు. పిల్లలు ఏడ్చి కొనిపించుకుంటారు, పది రోజులు ముద్దు చేస్తారు, తరవాత ఇల్లంతా పెంటికలు పరుపంతా ఉచ్చ అని విసుగొచ్చి పెద్దవాళ్ళు తీసుకెళ్ళి ఏదో తోటలో వదిలేస్తారు. పెంపుడు కుందేలు తోటలో బతకదండీ, ఆ రాత్రికే కుక్కల పాలు. మా వీధిలోనే పోయినేడు మూడిళ్ళలో ఇలాగే అయ్యింది. ఆ మూడిళ్ళ వాళ్ళూ చెడ్డవాళ్ళు కారు, కుందేలుకి ఒకేచోట దొడ్డికి వెళ్ళడం నేర్పొచ్చని వాళ్ళకి చెప్పినవాళ్ళు లేరు, అంతే.

మేమూ కొన్నాం, 200 రూపాయలకి. దానికి మా పాప దూది అని పేరు పెట్టింది. అమ్మినతను రెండు నెలల పిల్ల అన్నాడు గానీ చూస్తే నెల కూడా దాటిందో లేదో, అరచేతిలో పట్టేసింది. 8 వారాలు నిండే దాకా తల్లి దగ్గరే ఉండాలని నాకు తరవాత తెలిసింది. అతనిచ్చిన ఇనప చువ్వల పంజరంలోనే పెట్టాను, కింద కూడా చువ్వలే, వారం తిరిగేసరికి వెనక కాళ్ళ అడుగున బొచ్చు ఊడి ఎర్రగా కందిపోయింది. కుక్కకి పిల్లికి ఉన్నట్టు దానికి పాదం కింద మెత్త ఉండదు, ఉన్నదంతా బొచ్చే, ఆ కాళ్ళు చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ రోజే పంజరం తీసేసి ఇంట్లో వదిలాను. ఇంక చూడండి, మా అత్త మంచం మీద, దేవుడి గది గుమ్మంలో, మా ఆయన లుంగీ మీద. "ఏటమ్మా ఈ కంపు, తోటలో వదిలేయరాదా" అని పక్కింటి పిన్ని, మా ఆయన కూడా అదే మాట.

నేను రెండ్రోజులు టైం ఇమ్మని అడిగి దాని వెనకే తిరిగాను. పెంటికలు ఎక్కడంటే అక్కడ పడుతున్నాయి గానీ ఉచ్చ మాత్రం ఎక్కువగా కుట్టుమిషను కింద ఆ గోడ మూలకే వెళ్తోంది. వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి ఒళ్ళు మూలకి ఆనించి, చిన్న తోక పైకెత్తి, చెవులు వెనక్కి వాల్చి ఒక్క క్షణం కదలకుండా ఉంటది. వీటి మూలం యూరప్ అడవి కుందేళ్ళు, అవి గుంపుగా బొరియల్లో ఉంటాయి, దొడ్డికి కొన్ని చోట్లు పెట్టుకుని అక్కడికే మళ్ళీ మళ్ళీ వెళ్తాయి. అంటే ఈ బుద్ధి దానిలో ముందే ఉంది, మనం కొత్తగా పెట్టక్కర్లేదు, అది ఏ మూల చూసుకుందో అక్కడే ట్రే పెట్టాలి. మనకి నచ్చిన చోట పెట్టి ఇక్కడికి రా అంటే రాదు.

గిన్నెలు కడుక్కునే ప్లాస్టిక్ టబ్ ఒకటి, అంచు తక్కువున్నది, ఆ మూలలో పెట్టాను. అడుగున మీ పేపరే నాలుగు మడతలు వేశాను, తప్పుగా అనుకోకండి, మామూలు న్యూస్ పేపర్ దానికి ఏం చెయ్యదు, మెరిసే రంగుల కాగితాలు మాత్రం తీసేస్తాను. దాని మీద వరిగడ్డి పలచగా. నేల మీద ఉచ్చ తుడిచిన కాగితం ముక్క, ఏరిన పెంటికలు నాలుగు అందులోనే వేశాను, వాసన పట్టుకుని ఇదే మన చోటు అనుకోవాలి కదా. అన్నిటికంటే పనికొచ్చింది ఇంకొకటి, టబ్ లో ఒక చివర తినే గడ్డి కూడా గుప్పెడు పెట్టడం. ఇది తింటూనే దొడ్డికి వెళ్ళే జీవి, గడ్డి అక్కడుంటే అరగంట అక్కడే కూర్చుని నముల్తది, పని అక్కడే అయిపోతది. మా మావయ్య గారు పొద్దున్నే మహేంద్రతనయ గట్టు మీంచి గరిక కోసుకొస్తారు, మందులు కొట్టని చోటు చూసి.

మొదటి రెండు వారాలు గది మొత్తం ఇవ్వలేదు, పాత సూట్కేసులు అట్టపెట్టెలు అడ్డం పెట్టి ఆ మూలా దాని చుట్టూ నాలుగడుగుల జాగా, అంతే. అక్కడ తప్పు చెయ్యడం మానేశాక ఇంకొంచెం జరిపాం, తరవాత ఇంకొంచెం. చిన్నపిల్ల కదా ఆటలో పడి మర్చిపోతది, అప్పుడు కొట్టకూడదు అరవకూడదు. ఒకాయన తన కుందేలు ముక్కు పట్టుకుని ఉచ్చలో రుద్దాడట, అలా చేస్తే అది మనల్ని చూసి దాక్కోవడం తప్ప ఏమీ నేర్చుకోదు. వెళ్ళేలా ఉందనిపిస్తే మెల్లగా టబ్ లోకి పంపడం, వెళ్ళాక ఒక కొత్తిమీర రెమ్మ ఇవ్వడం. నేల మీద తెల్ల మరకలు కట్టేవి, వాటి ఉచ్చలో కాల్షియం ఎక్కువ, తెల్ల వెనిగర్ తో తుడిస్తే మరకా పోయింది వాసనా పోయింది.

నేను చేసిన తప్పులు కూడా రాస్తాను. సామిల్లు నుంచి రంపం పొట్టు తెచ్చి వేశాను, ఒకటే తుమ్ములు, వెంటనే తీసేశాను. పైన్, దేవదారు పొట్టు అయితే ఇంకా చెడ్డది, ఆ వాసన నూనెలు లివర్ మీద పడతాయి. పిల్లులకి వాడే ఉండకట్టే మట్టి కూడా వద్దు, ఇది నోట్లో పెట్టుకుంటది, కడుపులో అడ్డం పడితే ప్రాణానికే ప్రమాదం. ఒకరోజు ఉచ్చ ఎర్రగా కనపడి రక్తం అనుకుని ఒణికిపోయాను, తిన్న ఆకుల రంగు వల్ల అలా వస్తదట, మర్నాటికి మామూలుగా అయింది, తగ్గకపోయినా ముక్కుతూ కూర్చున్నా డాక్టర్ కి చూపించాలి. ఇంకోటి, ద్రాక్షగుత్తిలా మెత్తగా వచ్చే పెంటికల్ని అది వంగి నేరుగా తినేస్తది, మా అత్త ఛీ ఛీ అన్నారు గానీ అది దానికి ఆహారమే, అందులో బి విటమిన్లు ఉంటాయి, ఆపకూడదు. అసలు చూసుకోవాల్సింది పెంటికలు పడటం ఆగిపోవడం. సగం రోజు తినకుండా పెంటికలు వెయ్యకుండా ఉంటే రేపు చూద్దాంలే అనుకోకూడదు.

అంతా కుదిరింది అనుకున్నాక దసరా వెళ్ళాక మళ్ళీ మొదలైంది, నా కాళ్ళ చుట్టూ గుండ్రంగా తిరుగుతూ గుర్రుమని శబ్దం చేస్తూ ఉచ్చ చిమ్మేది. దూది మగది, నాలుగు నెలలు నిండాయి, వయసుకి వచ్చింది. అది మొండితనం కాదండీ, హార్మోన్లు, వృషణాలు తీసే ఆపరేషన్ చేయిస్తే తగ్గుతది. మా ఊళ్ళో ఆవుల్ని మేకల్ని చూసే డాక్టర్ గారు కుందేలుకి మత్తు ఇవ్వడం నాకు అలవాటు లేదమ్మా అని ఉన్న మాట చెప్పారు, అలా చెప్పినందుకు ఆయనకి దండం పెట్టాలి. విశాఖపట్నం తీసుకెళ్ళి చేయించాం. ఆపరేషన్ ముందు పస్తు పెట్టకూడదట, కుందేలు కక్కలేదు కాబట్టి. వచ్చాక ఇంకో నెల పట్టింది చిమ్మడం ఆగడానికి. ఇప్పుడు దారిలో ఎప్పుడైనా ఒకటో రెండో పెంటికలు పడతాయి, ఎండువి, చీపురుతో పోతాయి, ఉచ్చ మాత్రం టబ్ దాటదు. మా అత్త మంచం కిందే మధ్యాన్నం పడుకుంటది.

ఒక మాట, పొలాల్లో దొరికే అడవి కుందేలు పిల్లని మాత్రం ఎవరూ ఇంటికి తేకండి, అది వేరే జాతి, పెంపుడుది అవ్వదు, 1972 వన్యప్రాణి చట్టం కింద పట్టుకోవడం నేరం కూడా.

ఎడిటర్ గారూ, నా విన్నపం ఒకటే. పాడి పశువుల గురించి రాస్తారు, కోళ్ళ గురించి రాస్తారు, రథయాత్రకి ఒక వారం ముందు కుందేలు గురించి కూడా డాక్టర్ గార్ల చేత అర పేజీ రాయించండి. ఇక్కడ మా తెలుగువాళ్ళకి ఒడియాలో వచ్చేవి చదవడం కష్టం, మీరు వేస్తే మా వీధిలో నేనే అందరికీ చదివి వినిపిస్తాను. తీర్థంలో అమ్మేవాళ్ళకి కూడా 8 వారాలు నిండని పిల్లని అమ్మొద్దని అందులో రాయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా