పల్లెల్లో అయ్యగార్ల బతుకు: మన సమితి వార్షిక నివేదిక

సభ్యులందరికీ ప్రభువు నామమున వందనములు. మన సమితి ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే, మళ్లీ చెప్పి విసిగించను. పని చేసినవాళ్లందరికీ ముందే కృతజ్ఞతలు. పేర్లు చదవడం లేదు. పోయినసారి ఒక పేరు మరిచిపోయినందుకు ఆర్నెల్లు మాట పడ్డాను.

ఈ ఏడాది చెప్పుకోదగ్గ పని సెప్టెంబర్ 27న పెట్టిన ప్రదర్శన. 1947లో అదే రోజున మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ చర్చి) ఏర్పడింది కనుక ఆ తేదీ ఎంచుకున్నాం. పల్లె చర్చి గురువు (మనం అయ్యగారు అంటాం) బతుకు ఎలా ఉండేదో పిల్లలకు చూపించాలన్నది ఉద్దేశం. దోర్నకల్ అనగానే అందరూ అక్కడి కెథడ్రల్ (బిషప్‌గారి పెద్ద చర్చి) ఫొటో పెడతారు. 1912లో అక్కడ బిషప్ అయిన అజరయ్యగారు మాత్రం తమిళదేశం నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద పల్లెలు తిరిగారు. కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది 1939లో. అందుకే మేము కట్టడాల జోలికి పోలేదు. ఒక పాత సైకిలు, లాంతరు, ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచే ఆరాధన) గిన్నెలు పెట్టుకునే చిన్న చెక్కపెట్టె, గుప్పెడు బియ్యం కుండ, బాప్తిస్మపు రిజిస్టరు, అంతే పెట్టాం.

ఆ కుండ దగ్గరే జనం ఎక్కువసేపు నిలబడ్డారు. అన్నం వండబోయే ముందు ఇల్లాలు గుప్పెడు బియ్యం తీసి అందులో వేసేది. ఆదివారం కొంగున కట్టి తెస్తే, అమ్మగారు (అయ్యగారి భార్య) సోలతో కొలిచి పోసుకునేవారు. ఒక్కో గుప్పెడు ఒక్కో ఇంటిది కాబట్టి దొడ్డువి, సన్నవి, నూకలు అన్నీ కలిసిపోయి, అన్నం ఎప్పుడూ సగం పలుకు, సగం మెత్తన. ఇది అమ్మగారే నవ్వుతూ చెప్పారు.

రిజిస్టరులో పాత పేరు ఒక గడిలో, బాప్తిస్మపు పేరు పక్క గడిలో ఉంటుంది. పాత పేజీలు నిండుగా ఉన్నాయి, తర్వాతివి పలచబడ్డాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. అందుకని "అయ్యగారూ, ప్రార్థనకొస్తాం గానీ పేరు ఎక్కించొద్దు" అన్నవాళ్లు ఎందరో. ఆ మాట విని, కలం మూత పెట్టేసి, వాళ్ల బిడ్డకే ప్రార్థన చేసి వచ్చిన రోజుల గురించి రిటైరైన అయ్యగారు చెబుతుంటే హాల్లో ఎవరూ కదల్లేదు.

ఆదివారం ఆయనకు మూడు ఊళ్లు. మూడో ఊళ్లో కూలికెళ్లినవాళ్లు వచ్చి, వండుకుని తిన్నాకే గంట కొట్టేవారట. నాట్ల రోజుల్లో ప్రసంగం మొదలయ్యేసరికే సగంమంది నిద్ర. మిగతా వారమంతా అర్జీలు రాయడం, ఆలుమగల తగాదాలు తీర్చడం, పాము కరిచినవాణ్ని సైకిలు మీద కూర్చోబెట్టుకుని రాత్రివేళ పరుగెత్తడం. ఒక పిల్లవాడు "మీకు సెలవు ఎప్పుడయ్యగారూ?" అని అడిగాడు. ఆయన నోరు తెరిచేలోపే అమ్మగారు అందుకున్నారు: "క్రిస్మస్ అయ్యాక జ్వరం వచ్చినప్పుడు."

ఇక నవంబర్ 2, చనిపోయినవాళ్లను తలుచుకునే రోజు, సమాధుల తోట శుభ్రం చేసే పని. వాట్సాప్‌లో బొటనవేళ్లు లెక్కపెడితే తోట చాలదనుకున్నాం. తీరా కొడవళ్లతో వచ్చింది ముసలమ్మలు, అయ్యగారు, నేను. యువజనులు మధ్యాహ్నం పూలతో వచ్చి ఫొటోలు దిగారు. తోట హద్దులు కొలవమని సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు అర్జీ ఇచ్చాం. రసీదులు మూడూ ఫైల్లో భద్రంగా ఉన్నాయి, సర్వేయరు మాత్రం రాలేదు. ఈలోగా పక్క చేను గట్టు ఒక సమాధి దాకా వచ్చేసింది.

లెక్కల కాగితం మీ చేతుల్లో ఉంది. అప్పు లేదు, మిగిలింది స్వల్పం. చందా బాకీ ఉన్నవాళ్లకు తాము ఎవరో తెలుసు.

సంయుక్త కార్యదర్శి పదవికి ఈసారి కూడా ఎవరూ పేరు ఇవ్వలేదు. ప్రదర్శన సామాను సర్దేటప్పుడు లాంతరు గ్లాసు పగిలింది. అది అయ్యగారి సొంత లాంతరు. ఎవరు పగలగొట్టారని అడగను, ఆ కొలతకు సరిపోయే గ్లాసు ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్లు సమావేశం అయ్యాక నన్ను కలవండి.

ఇట్లు,
కార్యదర్శి