భరణం కేసుల్లో ఈ జాప్యం ఎన్నాళ్లు?

సంపాదకులకు,

మా చెల్లెలి భరణం కేసు కోసం రెండేళ్లుగా ఆమె వెంట కుటుంబ న్యాయస్థానానికి తిరుగుతున్నాను. మా న్యాయవాది మొదటిరోజు చట్టం మాటే ఎత్తలేదు. పాల పద్దు పుస్తకం, బడి ఫీజు రసీదులు, అద్దె కాగితాలు బల్ల మీద పరచమని చెప్పి, ఒక్కో ఖర్చూ ఓపికగా అడిగి రాసుకున్నారు. ఇరుపక్షాలూ ఆస్తులు, ఆదాయాల ప్రమాణపత్రం దాఖలు చేయాలని సుప్రీంకోర్టు 2020లోనే రజనేశ్‌, నేహా కేసులో చెప్పింది. అవతలివారు ఆ పత్రం ఇవ్వడానికే వాయిదా మీద వాయిదా అడుగుతున్నారు. నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంత వరకు, మధ్యంతర భరణం (కేసు తేలేలోపు ఇచ్చేది) తేల్చాలని చట్టంలో ఉంది. ఈలోపు మా చెల్లెలి పాప రెండు తరగతులు దాటింది.

1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం 13వ సెక్షన్‌ ప్రకారం న్యాయవాదిని పెట్టుకోవడం హక్కు కాదు, కోర్టు అనుమతించాలి. రాజీకి దారి తెరవాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఆదాయం దాచే భర్త ఎదుట, ఏ కాగితం అడగాలో తెలియని మనిషి ఒంటరిగా ఏం చేయగలదు? ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయసహాయం ఉందని కోర్టు వరండాలో కూర్చున్న చాలామందికి తెలియదు. ప్రతి కుటుంబ న్యాయస్థానం గుమ్మం దగ్గర ఆ సంగతి తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి. ఈ ఉచిత సహాయం అందించే జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఒకరు రోజూ అక్కడ అందుబాటులో ఉండాలి.

— ఒక పాఠకురాలు