బ్యాటరీ మార్చడానికి హీట్ గన్ ఎందుకు?

సంపాదకులకు,

ఫోన్లో అన్నిటికన్నా ముందు అరిగేది బ్యాటరీ. సుమారు 500 నుంచి 800 పూర్తి చార్జింగులయ్యేసరికి దాని సామర్థ్యంలో ఐదో వంతు పోతుంది. రోజూ చార్జింగు పెట్టేవారికి ఇది రెండేళ్ల మాట. ఒడిశాలో మా పర్లాకిమిడి, గుణుపురం ఎండల్లో, రేకుల ఇళ్లలో ఇంకా తొందర. వేడికి లోపలి ద్రవం విడిపోయి వాయువవుతుంది, బ్యాటరీ ఉబ్బి డిస్‌ప్లేను పైకి నెడుతుంది.

ఇక్కడివారికి చాలా బ్రాండ్ల సర్వీసు సెంటరంటే బరంపురమో విశాఖపట్నమో. ఫోను అక్కడ వదిలి వస్తే బ్యాంకు ఓటీపీ కూడా అందదు. అందుకే బజారులో రిపేరు బల్ల దగ్గరికే వస్తారు.

అక్కడ జరిగే పని చూడండి. ముందు చార్జింగు 25 శాతం లోపుకి దించాలి, నిండుగా ఉన్నదానికి చిల్లుపడితే మంట పెద్దది. వెనక గ్లాసును వేడిగాలి ఊదే హీట్ గన్‌తో 70, 80 డిగ్రీల దాకా వేడిచేసి, గమ్ మెత్తబడ్డాక పలచని ప్లాస్టిక్ కార్డుతో లేపాలి. ఉబ్బిన బ్యాటరీ అయితే ఆ వేడి కూడా ప్రమాదమే. స్క్రూలు తీశాక మొదట బ్యాటరీ కనెక్టర్ విప్పాలి. అసలు చిక్కు ఆ తర్వాతే: బ్యాటరీని ఫ్రేముకి అతికించేసి ఉంటారు. బ్యాటరీని లాగి ఊడదీసే పట్టీ ఉన్న మోడళ్లు కొంత నయం. పట్టీ తెగినా, అసలు లేకపోయినా అంచుల్లో గమ్‌ను మెత్తబరిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు వేసి కొన్ని నిమిషాలు ఆగాలి. ఓపిక లేక స్క్రూడ్రైవర్ దూర్చారంటే లోపలి పొరలు చిరిగి, ఒకదానికొకటి తగిలి షార్టవుతాయి. ముందు పొగ, వెంటనే మంట. వంగిన బ్యాటరీని మళ్లీ బిగించకూడదు. చివర్న బీ-7000 గమ్ రాసి, క్లిప్పులు పెట్టి, ఒక రోజు కదపకుండా ఉంచాలి. అంతా చేసినా కంపెనీ ఇచ్చిన నీటి రక్షణ తిరిగి వస్తుందని నమ్మకం లేదు.

నీళ్లు దిగకూడదంటే అతికించక తప్పదని తయారీదారుల మాట. కానీ 2014లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్5కి గోటితో ఊడే మూత ఉంది, దుమ్ము, నీళ్లు చొరబడని ఐపీ67 రక్షణా ఉంది. ఆ కంపెనీ ఎక్స్‌కవర్7 కూడా అలాంటిదే. నిజమైన ఇబ్బంది మందం: చేత్తో తీసే బ్యాటరీకి గట్టి పెంకు ఉండాలి, అది చోటు తింటుంది. మందం ఒక మిల్లీమీటరు పెరిగిందని మా వైపు ఎవరూ ఫోను కొనడం మానరు. పాతకాలపు మూతే కావాలని మేమూ పట్టుబట్టడం లేదు. మామూలు స్క్రూలు, రబ్బరు బీడింగు, అతికించని బ్యాటరీ చాలు.

ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి కొత్తగా మార్కెట్లోకి వచ్చే ఫోన్లకు షరతు ఉంది: బ్యాటరీని వాడేవారే మార్చుకోగలగాలి, లేదా 1000 చార్జింగుల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం మిగలాలి, నీటికీ తట్టుకోవాలి. ఇది సబబైన నియమం. మన దగ్గర 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్ వచ్చింది, అది సమాచారం వరకే. అదే ఏడాది వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు పాత బ్యాటరీల సేకరణ బాధ్యతను తయారీదారులకు అప్పగించాయి. ఊడిరాని బ్యాటరీని సేకరించేదెలా?

తీసిపెట్టుకునే బ్యాటరీలొస్తే నకిలీలు పెరుగుతాయన్న భయం మాత్రం ఉత్తిది కాదు. ఇప్పటికే పెరిగాయి. కొనేవారు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, బ్యాటరీ భద్రతా ప్రమాణమైన ఐఎస్ 16046, 'ఆర్'తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు చూసి తీసుకోవాలి. కేంద్రం ఐరోపా షరతునే ఇక్కడా పెట్టి, ఫోను డబ్బా మీద బ్యాటరీ మోడల్ నంబరు, విడిగా కొంటే ధర, ఎన్నేళ్లు దొరుకుతుందో అచ్చువేయించాలి.

– సెల్‌ఫోన్ రిపేరు పనివారు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా