యూనియన్ చందా కట్టాలో వద్దో ఉద్యోగిని తేల్చుకోనివ్వండి: మిషిగన్ గవర్నర్ గారికి, చట్టసభల సభ్యులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

2012 డిసెంబరులో ఈ రాష్ట్రం చేసుకున్న రైట్ టు వర్క్ చట్టాన్ని (యూనియన్‌కు డబ్బు కట్టలేదని ఉద్యోగం తీసేయకూడదనే చట్టం) 2023 మార్చిలో రద్దు చేశారు. రద్దు 2024 ఫిబ్రవరి 13న అమల్లోకి వచ్చింది. అప్పటినుంచి ప్రైవేటు కంపెనీ, యూనియన్ కలిసి ఒప్పందంలో ఒక క్లాజు రాసుకుంటే చాలు, చందాగానీ బదులు రుసుముగానీ (సభ్యులు కానివారు చందాకు బదులు యూనియన్‌కు కట్టేది) కట్టని ఉద్యోగిని తీసేయవచ్చు. చేరినవారికి 30 రోజుల గడువు, నిర్మాణ రంగంలో అయితే ఏడే రోజులు. ఆ చట్టాన్ని మళ్లీ తెమ్మని కోరుతున్నాం. కాకపోతే 2012 నాటి ముసాయిదాకే దుమ్ము దులిపి తేవద్దు.

వాహన కర్మాగారాల్లో యూఏడబ్ల్యూ (వాహన కార్మికుల యూనియన్) చందా నెలకు రెండున్నర గంటల జీతం. గంటకు 30 డాలర్లు వచ్చే మనిషికి అది ఏడాదికి 900 డాలర్లు. ఇష్టపడి కట్టేవారితో మాకు పేచీ లేదు.

"సభ్యత్వం ఎవరిమీదా రుద్దడం లేదు కదా" అని రద్దును సమర్థించేవారు అంటారు. కాగితం మీద నిజమే. అమెరికా సుప్రీంకోర్టు 1963లో ఇచ్చిన జనరల్ మోటార్స్ తీర్పు ప్రకారం సభ్యత్వం వద్దనవచ్చు. అదే కోర్టు 1988 బెక్ తీర్పు ప్రకారం రాజకీయాలకు వాడే వాటా కట్టక్కర్లేదు. ఆచరణలో చూడండి. ముందు సభ్యత్వానికి రాజీనామా లేఖ ఇవ్వాలి, దాంతో ఒప్పందం ఆమోదంపై ఓటు కూడా సాధారణంగా పోతుంది. తర్వాత అభ్యంతర లేఖ రాయాలి. జీతంలో కోతకు ఇచ్చిన అనుమతి పత్రం మళ్లీ వేరు. దాన్ని వెనక్కి తీసుకోవడానికి చాలా పత్రాల్లో ఏడాదికి కొన్ని రోజులే గడువు ఉంటుంది, అది దాటితే మరో ఏడాది ఆగాలి. ఇంతా చేశాక మిగిలిన వాటా ఎంతో లెక్కగట్టేది యూనియనే. లెక్క తప్పనిపిస్తే ఆరు నెలల్లోగా ఫెడరల్ కార్మిక సంబంధాల బోర్డుకు ఫిర్యాదు చేయాలి. షిఫ్టులు చేసుకునేవారిలో ఎంతమంది ఇదంతా చేయగలరు?

ఉద్యోగులంతా కలిసి ఆ క్లాజునే ఎత్తేయించే దారి ఒకటుంది. 30 శాతం సంతకాలతో పిటిషన్ వేస్తే బోర్డు ఓటింగ్ పెడుతుంది. కానీ గెలవాలంటే పోలైన ఓట్లలో కాదు, మొత్తం ఉద్యోగుల్లోనే సగానికి మించి కావాలి. ఇంట్లో కూర్చున్నవాడి ఓటు కూడా చందా వైపే పడ్డట్టు లెక్క.

ఓడ దాటాక బోడి మల్లన్న అనేవారి భారం మేమెందుకు మోయాలని యూనియన్లు అడిగే ప్రశ్న తీసిపారేయదగ్గది కాదు. చందా కట్టనివారి ఫిర్యాదులూ వారు న్యాయంగా చూడాల్సిందే, దానికి ఖర్చవుతుంది. అయితే ఆ బాధ్యత ఊరికే వచ్చింది కాదు. అందరి తరఫునా తామొక్కరే మాట్లాడే హక్కుకు అది జోడీ. ఆ హక్కు ఉంచుకుంటూ ఖర్చు మాత్రం వద్దన్నవారి జీతంలోంచి రాబట్టడం మాకు సబబు అనిపించదు.

ఇక ముసాయిదా. 1947 నాటి ఫెడరల్ కార్మిక చట్టం టాఫ్ట్ హార్ట్‌లీలోని 14(బి) సెక్షన్ రాష్ట్రాలకు ఇచ్చిన అధికారం మేరకే రాయండి: ఉద్యోగం నిలవడానికి సభ్యత్వం, చందా, బదులు రుసుము, వీటిలో ఏదీ షరతు కారాదని. జీతం కోత పత్రాల జోలికి వెళ్లొద్దు. 30 రోజుల నోటీసుతో కోత ఆపవచ్చని విస్కాన్సిన్ 2015లో రాసిన నిబంధనను 2018లో ఏడో సర్క్యూట్ ఫెడరల్ కోర్టు కొట్టేసింది. మిషిగన్ ఆ కోర్టు పరిధిలో లేకపోయినా, అదే గొయ్యిలో దిగాల్సిన పనేముంది?

గడువు సంగతి ఇంకా ముఖ్యం. ఉభయ సభల్లో మూడింట రెండు వంతుల మద్దతు లేకపోతే, సమావేశాలు ముగిశాక 90 రోజులు గడిస్తేగానీ చట్టం అమల్లోకి రాదు. 2012 చట్టం 2013 మార్చి 28న మొదలయ్యేలోగా చేసుకున్న ఒప్పందాలకు అది వర్తించలేదు. ఆ సందులో మన రాష్ట్రంలోని టేలర్ స్కూల్ డిస్ట్రిక్టులో చందా క్లాజు ఏకంగా పదేళ్లకు రాసుకున్నారు, తర్వాత కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. బిల్లును సమావేశాల చివర్లో ఆమోదిస్తే ఆ సందు చిన్నదవుతుంది. ఒప్పందాన్ని పొడిగించినా, సవరించినా కొత్త చట్టం వర్తిస్తుందని స్పష్టంగా రాయండి.

ఎవరికి వర్తించదో కూడా ముందే చెప్పండి. డెట్రాయిట్ విమానాశ్రయంలోని ఎయిర్‌లైన్స్ ఉద్యోగులు, రైల్వేవారు వేరే ఫెడరల్ చట్టం కింద ఉన్నారు, రాష్ట్ర చట్టం వారిని తాకదు. ప్రభుత్వ ఉద్యోగులకు సుప్రీంకోర్టు 2018 జేనస్ తీర్పుతోనే ఈ రక్షణ ఉంది.

చివరిగా, బిల్లులో నిధుల కేటాయింపు పెట్టకండి. 2012 చట్టంలోనూ 2023 రద్దులోనూ పది లక్షల డాలర్ల కేటాయింపు ఉంది. కేటాయింపు ఉన్న చట్టంపై ప్రజలు రెఫరెండం (ఆ చట్టంపై ప్రజల ఓటు) కోరే వీలు మన రాజ్యాంగంలో లేదు. ఈ ఒక్క విషయంలో రెండు పార్టీలూ ఒక్కటే! మిస్సోరీలో 2018 ఆగస్టులో మూడింట రెండు వంతుల ఓటర్లు ఇలాంటి చట్టాన్ని తిప్పికొట్టిన సంగతి తెలిసే ఈ మాట అడుగుతున్నాం.

ఇట్లు,
ట్రాయ్, నోవై, కాంటన్ ప్రాంతాల తెలుగు ఉద్యోగులు కొందరు