మీ ఈస్టన్ మొదటి లింకు డాక్యుమెంటు

బుజ్జీ,

నీ ఇంటి కాగితాలు వాట్సాప్‌లో అందాయి. ముప్పై ఏళ్లు సర్వే గొలుసు లాగినవాణ్ణి, ఊరుకోగలనా? రెండు రోజులు వాటితోనే కూర్చున్నాను. మీ అమ్మ విసుక్కుంది. లింకు డాక్యుమెంట్లు, అంటే ముందు నుంచి ఎవరు ఎవరికి అమ్మారో చెప్పే కాగితాలు, సరిగ్గానే ఉన్నాయి. కానీ అమెరికాలో, పెన్సిల్వేనియాలోని మీ ఈస్టన్ ఊరు మొత్తానికి మొదటి లింకు ఒకటుంది, అదే నాకు మింగుడుపడలేదు.

ఆ నేల లెనాపే అనే అక్కడి ఆదివాసీ జనానిది. పెన్సిల్వేనియాను స్థాపించిన విలియం పెన్ కొడుకులు ఒక కాగితం తీసి, ‘ఒక మనిషి ఒకటిన్నర రోజులో నడిచినంత మేర మీ పెద్దలు 1686లో మాకు రాసిచ్చారు’ అన్నారు. చూపించింది నకలు. ఒరిజినల్ ఏనాడూ బయటికి రాలేదు. అయినా 1737లో నూటిమస్, లాపోవిన్సో లాంటి పెద్దలచేత దానికి ఒప్పుదల గుర్తులు పెట్టించారు.

ఆ సెప్టెంబరు 19న నడక మొదలైంది. దారి ముందే చదును చేయించి, ముగ్గురిని కూలికి మాట్లాడి, 500 ఎకరాలు ఆశపెట్టారు. ఇద్దరు మధ్యలోనే పడిపోయారు, వాళ్లలో ఒకడు కొద్ది రోజులకే చనిపోయాడు. ఎడ్వర్డ్ మార్షల్ ఒక్కడే సుమారు 65 మైళ్లు లాగించాడు. నడకంటే కాసేపు కూర్చుని పైపు కాల్చుకుని, ఉడత కనిపిస్తే కొట్టుకుని పోవడం గానీ ఈ పరుగేమిటని లాపోవిన్సో అన్నాడట.

అందరూ ఆ పరుగు గురించే చెప్తారు. నన్నడిగితే అసలు దెబ్బ గీతలో ఉంది. మార్షల్ ఆగిన చోటి నుంచి డెలావేర్ నదికి దగ్గర దారిన హద్దు వేస్తారని లెనాపేలు అనుకున్నారు. పెన్ మనుషులేమో నడిచిన దిశకు లంబం తీశారు. మేం పొలంలో క్రాస్‌స్టాఫ్ పెట్టి తీసే లంబమే! ఆ గీత ఈశాన్యంగా పోయి పోయి ఎక్కడో ఎగువన నదిని తాకింది. న్యూస్‌పేపర్ మీద పెన్సిల్‌తో వేసి చూసుకున్నాను, స్కేలు చివర పేపరు దాటిపోయింది. మొత్తం 12 లక్షల ఎకరాలంటారు.

1756లో మీ ఈస్టన్‌లోనే, గవర్నర్ ఎదుట, టీడ్యుస్కంగ్ అనే లెనాపే నాయకుడు తన కాళ్ల కింద నేల తనదేననీ మోసంతో లాక్కున్నారనీ అన్నాడు. మరుసటి ఏడాది, మాటలు రాసుకోడానికి తనకూ ఒక గుమస్తా కావాలని పట్టుబట్టి సాధించాడు. కాగితంతో దెబ్బతిన్నవాళ్ల తెలివి అది. చివరికి 1762లో ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. ఏడాదికి, తగలబడుతున్న తన ఇంట్లోనే పోయాడు. ఆ జనంలో ఎక్కువమంది ఇప్పుడు ఎక్కడో ఓక్లహోమాలో ఉన్నారు.

వేసవిలో వచ్చినప్పుడు మీ ఊళ్లో డెలావేర్, లీహై నదులు కలిసేచోటికి నన్ను తీసుకెళ్లు.

మరొకటి. నీ ప్లాను ప్రకారం వెనక ఫెన్సు ఒక అడుగు పక్కవాళ్ల సైట్లో ఉంది. అమ్మినవాళ్లు వేసిందే అయినా, పక్కవాళ్లు అడగకముందే నువ్వే చెప్పు. టేపుతో కాదు, లైసెన్సున్న సర్వేయర్‌తో కొలిపించు.

నాన్న